బేసిక్స్, తంటాలు, ఒక డబుల్ పేమెంట్ బగ్

ప్రశ్న: బెంగళూరులో ఒక చిన్న ప్రోడక్ట్ కంపెనీలో టీమ్ లీడ్‌ని, ఎనిమిదేళ్ల అనుభవం. నా కింద ఐదుగురున్నారు, అందరూ మూడేళ్లలోపు వాళ్లే. కోడ్ చకచకా రాస్తారు, కానీ ఏదైనా ఆగిపోతే ఎందుకు ఆగిందో చూడటం ఒక్కరికీ రాదు. అప్పుడప్పుడు ఒకే ఆర్డర్‌కి రెండుసార్లు డబ్బు కట్ అవుతోందని పోయిన వారం కస్టమర్ల నుంచి కంప్లైంట్లు వచ్చాయి. రెండేళ్ల అనుభవమున్న అబ్బాయికి ఆ పని ఇచ్చాను. ఒకసారి నొక్కగానే బటన్ డిసేబుల్ అయ్యేలా మార్చి అయిపోయిందన్నాడు. మర్నాడు మళ్లీ వచ్చింది. ఈసారి సర్వర్ కోడ్‌లో రెండు సెకన్ల స్లీప్ (ఏమీ చెయ్యకుండా ఆగడం) పెట్టాడు. ఎందుకని అడిగితే 'ఏఐ అదే చెప్పింది అన్నా' అన్నాడు. నిజంగానే ప్రోగ్రామర్లకి బేసిక్స్ తగ్గిపోతున్నాయా, లేక నేనే ముసలివాణ్ణి అవుతున్నానా? వాణ్ణి పీఐపీలో (గడువులోగా మెరుగుపడకపోతే ఉద్యోగం పోయే ప్లాన్) పెట్టమని మేనేజర్ అంటున్నాడు. పెట్టనా?

జవాబు:

పీఐపీ సంగతి చివర్లో చెప్తాను. ముందు మిగతాది.

నేను 2001లో బెంగళూరు వచ్చాను. డాట్‌కామ్ బుడగ పగిలి ఎక్కడా ఉద్యోగాలు లేని ఏడాది. మడివాలలో ఒకే గదిలో నలుగురం ఉండేవాళ్లం, అందులో ముగ్గురం అమీర్‌పేట కోచింగ్ సరుకే. కాబట్టి 'మా కాలంలో అందరూ మొనగాళ్లే' అనే మాట నా దగ్గర చెల్లదు. 2000 రాగానే పాత ప్రోగ్రాములు తేదీల్లో తికమకపడతాయన్న వైటూకే హడావుడిలో, మూడు నెలల్లో కోబాల్ అనే పాత భాష నేర్చుకుని విమానం ఎక్కినవాళ్లు నాకు తెలుసు. జిరాక్స్ నోట్సు బట్టీ కొట్టి, రెజ్యూమేలో లేని రెండేళ్లు కలుపుకుని, పాయింటర్ అంటే ఏమిటో తెలియకుండానే సీనియర్లయినవాళ్లు అప్పుడూ ఉన్నారు. అమీర్‌పేటని చులకన చేస్తే నేను ఊరుకోను, నా కూడూ గుడ్డా అక్కడి నుంచే వచ్చాయి. బేసిక్స్ లేనివాళ్లు ఇప్పుడే కొత్తగా పుట్టుకురాలేదని చెప్పడానికే ఇదంతా.

ఫిజ్‌బజ్ అనే ఇంటర్వ్యూ ప్రశ్న గుర్తుందా? 1 నుంచి 100 దాకా అంకెలు ప్రింట్ చెయ్యాలి, మూడుతో భాగిస్తే శేషం రాకపోతే ఫిజ్, ఐదుతో అయితే బజ్, రెండిటితోనూ అయితే ఫిజ్‌బజ్. ఇమ్రాన్ గోరీ అనే ఆయన 2007లో దీని గురించి రాస్తే, డిగ్రీ చేతిలో ఉన్నవాళ్లు కూడా ఇది రాయలేకపోతున్నారని ప్రపంచమంతా గోల గోల అయింది. అప్పటికి ఏఐ మాట అటుంచండి, ప్రోగ్రామర్లు జవాబులు వెతుక్కునే స్టాక్ ఓవర్‌ఫ్లో సైటు కూడా లేదు. అది వచ్చింది 2008లో.

మరి ఏం మారింది అంటే, నా లెక్కలో మారింది ఒక్కటే: తంటాలు. ఇరుక్కుపోయి, దిక్కు తోచక, గంటల తరబడి ఒకే స్క్రీన్ వైపు చూస్తూ కూర్చోవడం. మా తరానికి అది ఇష్టమై చేసింది కాదు, వేరే దారి లేక చేసింది. బేసిక్స్ అని ఇవాళ మనం గొప్పగా చెప్పుకునేవన్నీ ఆ కూర్చోవడంలో అంటుకున్నవే.

మా కాలేజీ ల్యాబ్‌లో సీ భాషలో ప్రోగ్రాములు రాసే టర్బో సీ ఉండేది. నీలం స్క్రీన్, పసుపు అక్షరాలు, ఆ తరంవాళ్లకి చెప్పక్కర్లేదు. ఫ్యాక్టోరియల్ (1 నుంచి ఆ అంకె దాకా అన్నిటి గుణకారం) ప్రోగ్రాం రాశాను. 7 ఇస్తే 5040 వచ్చింది. 8 ఇస్తే మైనస్ 25216 వచ్చింది! 40320 రావాలి కదా. ల్యాబ్ అసిస్టెంట్‌ని అడిగితే 'చిన్న అంకెలిచ్చి రికార్డులో రాసెయ్, ఎక్స్‌టర్నల్ కూడా చిన్నవే అడుగుతాడు' అన్నాడు. ఆయన తప్పేం లేదు, అరవై మంది పిల్లలు, ఇరవై కంప్యూటర్లు. నాకు మాత్రం రెండు రోజులు తిండి సహించలేదు. చివరికి ఒక లూప్ పెట్టి అంకెల్ని వరసగా ప్రింట్ చేసి చూశాను. 32765, 32766, 32767, ఆ తర్వాత మైనస్ 32768. మా నాన్న స్కూటర్ మీటరు 99999 దాటగానే మళ్లీ సున్నాలకి తిరిగినట్టు. ఆ కంపైలర్‌లో మామూలు పూర్ణాంకానికి ఇచ్చేది 16 బిట్లే, అంటే పదహారు సున్నా-ఒకట్ల గళ్లే, అందులో 32767కి మించి పట్టదు. 40320లోంచి 65536 తీసెయ్యండి, మైనస్ 25216 వస్తుంది. కాగితం మీద ఆ లెక్క సరిపోయినప్పుడు కలిగిన ఆనందం తర్వాత ఏ ప్రమోషన్‌లోనూ రాలేదు.

కొన్నేళ్లకి ఏరియాన్ 5 కథ చదివాను. 1996 జూన్ 4న యూరప్‌వాళ్ల కొత్త రాకెట్ మొదటిసారి లేచి, సుమారు 40 సెకన్లకే పేలిపోయింది. 64 బిట్ల దశాంశ సంఖ్యని 16 బిట్ల పూర్ణాంకంలోకి మార్చే చోట పట్టక పొర్లింది. ఆ కోడ్ ఏరియాన్ 4 నుంచి తెచ్చింది. అక్కడ రాకెట్ వేగం తక్కువ కాబట్టి ఏ గొడవా రాలేదు. నా 8 ఫ్యాక్టోరియల్, వాళ్ల రాకెట్, రెండిటికీ తగిలింది అదే గోడ. చదవగానే నాకు అర్థమైంది, ఎందుకంటే ఆ గోడకి నేను అప్పటికే తల బాదుకుని ఉన్నాను.

ఇప్పుడు మీ టీమ్‌లో అబ్బాయి అదే మైనస్ అంకెని ఏఐకి ఇస్తే మూడు సెకన్లలో జవాబు వస్తుంది: ఓవర్‌ఫ్లో అయింది, 64 బిట్ల రకం వాడు. మారుస్తాడు, 40320 వస్తుంది, టికెట్ క్లోజ్. జవాబు నూటికి నూరు పాళ్లు కరెక్టే. కానీ అతను 21 ఇచ్చి చూడడు. 64 బిట్లలో 20 ఫ్యాక్టోరియల్ దాకానే పడుతుంది, 21 దగ్గర మళ్లీ అదే గోడ. రెండు రోజులు తల బాదుకున్నవాడికి 'మరి ఈ కొత్త గోడ ఎక్కడుంది?' అని చూడాలనిపిస్తుంది. మూడు సెకన్లలో దాటినవాడికి అసలు గోడ ఉందనే తెలీదు.

అయితే ఏ బేసిక్స్ అని కూడా అడగాలి. నా మొదటి మేనేజర్ మెయిన్‌ఫ్రేమ్ అనే పాతకాలపు పెద్ద కంప్యూటర్ల మీద పెరిగిన మనిషి, మైసూరాయన. 'మీ జావా వాళ్లకి మెమరీ అంటే ఏమిటో తెలీదు, వాడేసిన మెమరీ చెత్త కూడా మిషనే ఊడుస్తుంది' అని వెక్కిరించేవాడు. నాకు ఒళ్లు మండేది. ఇరవై నాలుగేళ్ల తర్వాత చూస్తే ఆయన మాట సగం నిజం. ప్రాసెసర్ రిజిస్టర్ల గురించి నేను ఉద్యోగంలో ఒక్కరోజు కూడా ఆలోచించలేదు, కొంప మునగలేదు. కానీ మెమరీ ఎందుకు నిండిపోతోందో తెలియక ఒక సంక్రాంతి పండగంతా ఆఫీసులోనే గడిపాను. అందుకని నేను పెట్టుకున్న కొలత ఇది: మీరు పనిచేసే అంతస్తుకి కింది అంతస్తు బాగా తెలియాలి, దాని కిందిది ఉందని తెలియాలి. వెబ్‌సైటు రాసేవాడికి రిక్వెస్టు ఎలా వెళ్తుందో, డేటాబేస్ లోపల ఏం చేస్తుందో తెలియాలి. సిలికాన్ చిప్ దాకా అక్కర్లేదు.

పోయిన ఏడాది జరిగింది చెప్తాను. బెళ్లందూరు ఆఫీసు, శుక్రవారం సాయంత్రం. సగం మందికి ఊరి బస్సులున్నాయి, రాత్రి పదికి మడివాలలో ఉండాలి. ఒక రిపోర్టు పేజీ తెరుచుకోవడానికి 40 సెకన్లు పడుతోందని క్లయింట్ ఫోను. కాల్‌లో ఆరుగురం. ఒకతను సర్వర్ సైజు పెంచాడు. ఇంకొకతను టైమ్‌అవుట్‌ని (జవాబు కోసం ఆగే గడువుని) 120 సెకన్లకి పెంచాడు, అంటే నొప్పికి మందు వెయ్యకుండా అరవొద్దన్నట్టు. కాష్ (ఒకసారి తీసిన ఫలితాన్ని దాచుకుని మళ్లీ ఇవ్వడం) పెడదామని వాదించిన పెద్దమనిషిని నేనే. గంటన్నర గడిచింది. అప్పుడు, చేరి ఏడాదైనా కాని ఒక ప్రొద్దుటూరు అమ్మాయి, 'అన్నా, ఎక్స్‌ప్లెయిన్ కొట్టి చూశా, ఇండెక్స్ వాడట్లేదు' అంది. ఎక్స్‌ప్లెయిన్ అంటే, క్వెరీకి (మనం డేటాబేస్‌ని అడిగే ప్రశ్నకి) జవాబు అది ఎలా వెతుకుతోందో చూపించే కమాండ్.

టేబుల్‌లో 40 లక్షల వరసలు. ఆర్డర్ టైమ్ కాలమ్ మీద ఇండెక్స్ ఉంది. కానీ క్వెరీ రాసినవాళ్లు ఆ కాలమ్‌ని డేట్ ఫంక్షన్‌లో చుట్టి, వచ్చిన తేదీని ఇవాళ్టి తేదీతో పోల్చారు. ఇండెక్స్ అంటే పెళ్లి పిలుపుల పుస్తకం లాంటిది, ఇంటిపేర్ల వరసలో రాసుకున్నది. 'పోలేపల్లి వాళ్లు ఎవరున్నారు?' అంటే నేరుగా ఆ పేజీకి వెళ్తాం. 'నాలుగక్షరాల ఇంటిపేరున్న వాళ్లెవరు?' అని అడిగితే మొదటి పేజీ నుంచి చివరి దాకా ఒక్కొక్కటీ లెక్కపెట్టాల్సిందే. వరస ఉన్నా ఆ ప్రశ్నకి పనికిరాదు. కాలమ్‌ని ఫంక్షన్‌లో చుడితే జరిగేది అదే. వరస పనికొస్తే 40 లక్షల్లో ఒకదాన్ని పట్టుకోవడానికి, సగం సగం చేసుకుంటూ పోయినా, 22 పోలికలు చాలు. ఆ అమ్మాయి ఫంక్షన్ తీసేసి 'రోజు మొదలు నుంచి మర్నాటి మొదలు లోపు' అని రాసింది. పేజీ టక్కున తెరుచుకుంది.

అక్కడితో అయిపోలేదు. 'రోజు మొదలు' అని రాయగానే ఆమెకి ఇంకో అనుమానం వచ్చింది: ఎవరి రోజు? సర్వర్ టైమ్ యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంది. మనది దానికి అయిదున్నర గంటలు ముందు. అర్ధరాత్రి పన్నెండు నుంచి తెల్లవారి అయిదున్నర లోపు మనవాళ్లు పెట్టిన ఆర్డర్లన్నీ ముందురోజు లెక్కలో పడుతున్నాయి. రెండేళ్లుగా. అకౌంట్స్‌వాళ్లు నెలనెలా ఎక్సెల్‌లో చేత్తో సరిచేసుకుంటూ, సాఫ్ట్‌వేర్ అంటే ఇంతే కాబోలు అనుకున్నారట.

ఇది నీకెలా తట్టిందని ఆమెని తర్వాత అడిగాను. కాలేజీలో తన ల్యాప్‌టాప్‌కి 2 జీబీ ర్యామ్ ఉండేదట. ఏది రాసినా నత్తనడకే. కొత్తది కొనే స్థోమత లేదు కాబట్టి ప్రతిదీ ఎందుకు స్లో అవుతోందో చూడటం అలవాటైందట. ఆ కాల్‌లో మిగతావాళ్లెవరూ ఆమెకంటే తెలివితక్కువవాళ్లు కారు. వాళ్ల ల్యాప్‌టాప్‌లు ఫాస్టు.

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి, లేకపోతే అందరికీ నీతులు చెప్తున్నట్టుంటుంది. పన్నెండేళ్ల కిందట లక్షమందికి తెలుగులో ఎస్సెమ్మెస్‌లు పంపే పని నా చేతికొచ్చింది. ఒక మెసేజ్‌కి 160 అక్షరాలు, మాది చూపుకి 80 అక్షరాలే, కాబట్టి మనిషికి ఒక మెసేజ్ ఖర్చు అని లెక్కేసి ఇచ్చాను. బిల్లు మూడింతలు వచ్చింది. మెసేజ్‌లో పట్టేది 140 బైట్లు. ఇంగ్లిష్ అక్షరానికి 7 బిట్లు కాబట్టి 160 పడతాయి. తెలుగుకి 16 బిట్లు, అంటే 70 మాత్రమే. ముక్కలు చేసి పంపితే ముక్కకి 67. పైగా మన కంటికి ఒక్కటిగా కనిపించే 'శ్రీ' లోపల నాలుగు: శ, దాని కింద పొల్లు, ర, ఆపైన దీర్ఘం. చూపుకి 80 ఉన్నది లోపల 150 అయింది. మూడు ముక్కలు, మూడింతల బిల్లు. అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చే యూనికోడ్ అనే పదం అప్పటికే నా రెజ్యూమేలో ఉంది లెండి.

తెలుగువాళ్లమైన మనకి ఇది ఇంటి పాఠం. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' లోపల కంటికి కనపడని ఒక గుర్తు చేరిన మెసేజ్ వస్తే ఐఫోన్లు కుప్పకూలాయి, యాపిల్‌వాళ్లు ఉన్నపళంగా 11.2.6 అప్‌డేట్ ఇవ్వాల్సొచ్చింది. అక్షరం అంటే ఏమిటి అనే ప్రశ్న అంత తేలికైనదేం కాదు. 'ఈ స్ట్రింగ్‌ని (అక్షరాల వరసని) తిరగెయ్యండి' అని ఇంటర్వ్యూలో అడిగినప్పుడు, 'తెలుగు పేరు ఇస్తే?' అని ఎదురడిగినవాణ్ణి నేను ఆ తర్వాత రౌండ్ లేకుండానే తీసుకుంటాను. ఇప్పటిదాకా ఇద్దరే అడిగారు.

ఇంటర్వ్యూల సంగతి వచ్చింది కాబట్టి. మారతహళ్లి, బీటీఎం పీజీల్లో పిల్లలు రాత్రింబవళ్లు కోడింగ్ ప్రాబ్లమ్స్ చేస్తుంటారు, అయిదొందలు చేశానని రెజ్యూమేలో రాస్తారు. అలాంటి ఒకతన్ని అడిగాను: 20 జీబీ లాగ్ ఫైలు (ప్రోగ్రాం తను చేసిన పని రాసుకుంటూ పోయే డైరీ) ఉంది, నీ ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్, 'ఎర్రర్' అనే మాట ఎన్ని లైన్లలో ఉందో చెప్పాలి. క్లౌడ్‌లో స్పార్క్ క్లస్టర్, అంటే బోలెడు కంప్యూటర్ల గుంపు, పెడతానన్నాడు. ఎంత ఖర్చవుతుంది అంటే దాన్ని తగ్గించే మార్గాలు కూడా చెప్పాడు, బాగా చెప్పాడు. ఒక లైన్ చదివి, చూసి, వదిలేసి, తర్వాతి లైన్‌కి వెళ్తే సరిపోతుందని, గ్రెప్ అనే చిన్న కమాండ్ నలభై ఏళ్లకి పైగా చేస్తున్నది అదేనని అతనికి తట్టలేదు. ఫైల్ మొత్తం ఒకేసారి మెమరీలోకి రావాలని ఎక్కడో నాటుకుపోయింది.

అతన్ని ఏమనను? మనం ఏది అడిగితే వాళ్లు అది చదువుతారు. ఎంసెట్‌కి ఎలా చదివామో గుర్తు చేసుకోండి. లెక్క ఎందుకలా వస్తుందో అడిగితే 'దానికి మార్కుల్లేవు, షార్ట్‌కట్ రాసుకో' అన్న లెక్చరర్లు మనకి దేవుళ్లు. నాలుగు ఆప్షన్లలో మూడు తప్పుల్ని కొట్టేసి మిగిలింది టిక్ పెట్టడం మనకి పదహారేళ్లకే వచ్చు. ఏఐ ఇచ్చిన మూడు జవాబుల్ని ఒక్కొక్కటే పెట్టి చూసే మీ అబ్బాయి చేస్తున్నది కూడా అచ్చం అదే, ఆప్షన్లు కొట్టెయ్యడం.

ఆఫీసులు దీన్ని ఇంకా పెంచాయి. రోజూ ఉదయం స్టాండప్ మీటింగ్‌లో 'బ్లాకర్స్ ఏమైనా ఉన్నాయా?' అని అడుగుతాం. ఇరుక్కోవడం ఒక జబ్బు, వెంటనే వైద్యం చెయ్యాలి అన్నట్టు. 'రెండు రోజులుగా ఇరుక్కున్నాను, ఇంకా అర్థం కాలేదు, ఇవాళ కూడా చూస్తాను' అని ధైర్యంగా చెప్పగలిగే జూనియర్ ఎక్కడైనా ఉన్నాడా? ఆ రెండు రోజులకి పాయింట్లు లేవు, అప్రైజల్‌లో గడి లేదు. దానికి తోడు 2020 తర్వాత చేరిన వాళ్లలో చాలామంది ఇంటి నుంచే పని మొదలెట్టారు. సీనియర్ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, అతను లాగ్‌లో ముందు ఎక్కడ చూస్తాడో, ఏది చూసి 'ఛ, ఇది కాదు' అంటాడో గమనించే అవకాశం వాళ్లకి దొరకలేదు. ఆ 'ఇది కాదు'లోనే సగం విద్య ఉంది, అది ఏ డాక్యుమెంట్‌లోనూ రాసి ఉండదు. స్క్రీన్ షేర్‌లో మనం ఫలితమే చూపిస్తాం.

ఏఐ నేను రోజూ వాడతాను, మానమని ఎవరికీ చెప్పను. ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోండి. 2025లో మెటర్ అనే సంస్థ 16 మంది అనుభవజ్ఞులైన ఓపెన్ సోర్స్ ప్రోగ్రామర్లకి వాళ్ల సొంత ప్రాజెక్టుల్లోనే 246 పనులు ఇచ్చి, కొన్నిటికి ఏఐ వాడనిచ్చి కొన్నిటికి వద్దని, టైమ్ లెక్కగట్టింది. ఏఐ వాడిన పనులకి 19 శాతం ఎక్కువ టైమ్ పట్టింది. అయిపోయాక వాళ్లని అడిగితే 20 శాతం తొందరగా అయిందన్నారు! పదహారు మందే, అదీ అప్పటి టూల్స్‌తో, కాబట్టి ఏఐ దండగ అని దీన్నుంచి తేల్చలేం. టూల్స్ నెలనెలా మారుతున్నాయి. కానీ ఆరితేరినవాళ్లే తమ వేగాన్ని తాము అంత తప్పుగా అంచనా వేసుకున్నారంటే, 'నాకు అర్థమైంది' అని మీ జూనియర్ అనుకోవడాన్ని ఎంత నమ్మాలో ఆలోచించండి. అతను అబద్ధం చెప్పట్లేదు, అతనికి నిజంగానే అర్థమైనట్టు అనిపిస్తోంది. తంటాలు పడ్డవాడికి తనకేం తెలీదో తెలుస్తుంది. మిగతావాళ్లకి ఆ సంగతి శుక్రవారం సాయంత్రం తెలుస్తుంది.

ఇక మీరు చెయ్యగలిగింది. నేను మా టీమ్‌లో పెట్టినవి కొన్ని, అన్నీ ఫలించలేదు. వారానికో క్లాస్ పెట్టి నెట్‌వర్కింగ్, డేటాబేస్ చెప్పాను, మూడో వారానికి కెమెరాలు ఆఫ్. వదిలేశాను. పనిచేసింది ఏమిటంటే, బగ్ చేతికొచ్చాక మొదటి అరగంట ఏఐ తెరవకూడదు. ఆ అరగంటలో కాగితం మీద మూడు వాక్యాలు రాయాలి: ఏం జరుగుతోంది, ఎందుకని నా అనుమానం, ఆ అనుమానం తప్పయితే నాకెలా తెలుస్తుంది. మూడోది రాయడం కష్టం, మొదట్లో అందరూ ఖాళీగా వదిలేశారు. ఖాళీగా ఇచ్చినా ఊరుకున్నాను, ఇవ్వకపోతే మాత్రం ఊరుకోలేదు. ఆ తర్వాత ఏఐని ఇష్టమొచ్చినట్టు అడగొచ్చు. కాగితం మీద అనుమానం ఉన్నవాడు అడిగే ప్రశ్నే వేరుగా ఉంటుంది, జవాబు కూడా అలాగే వస్తుంది.

ఇంకోటి, కోడ్ రివ్యూలో 'ఇది ఎవరు రాశారు?' అని అడగడం మానేశాను. నువ్వు రాసినా, మిషను రాసినా, పంపినవాడిదే పూచీ. ఏదో ఒక లైన్ మీద వేలు పెట్టి 'ఇది తీసేస్తే ఏమవుతుంది?' అని మాత్రం అడుగుతాను. చెప్పలేకపోతే తిట్టను, తీసేసి రన్ చేసి చూడమంటాను. ఒక్కోసారి ఏమీ కాదు, ఆ లైన్ అసలు అక్కర్లేదని తేలుతుంది. మీ అబ్బాయి స్లీప్‌ని ఇలా అడిగుంటే అది సర్వర్ దాకా వెళ్లేది కాదు.

అన్నిటికంటే కష్టమైంది నా చేతులు కట్టుకోవడం. జూనియర్ తడబడుతుంటే కీబోర్డు లాక్కుని రెండు నిమిషాల్లో చేసి పారేసే అలవాటు నాది. డెడ్‌లైన్ ఉంది కదా అని సర్దుకునేవాణ్ణి. అసలు సంగతి, నాకింకా వచ్చని చూపించుకోవడం నాకిష్టం. ఇప్పుడు పక్కన కూర్చుంటే చేతిలో టీ గ్లాసు పట్టుకుంటాను. నవ్వకండి, పనిచేస్తుంది.

పీఐపీలో పెట్టకండి. భయం పట్టుకున్నవాడు ఇంకా తొందరగా, ఇంకా ఎక్కువగా ఏఐ వెనకే పరిగెత్తుతాడు, తంటాలు పడే ఓపిక ఉన్నది కూడా పోతుంది. మేనేజర్‌కి రెండు వారాలు టైమ్ అడగండి, ఆ బగ్‌ని మళ్లీ అతనికే ఇవ్వండి. డబ్బు వాపస్ ఇచ్చే పని ఈలోపు ఎవరో ఒకరు చేత్తో చూసుకోవాలి, కస్టమర్లని మీ పాఠానికి బలి చెయ్యకూడదు కదా.

అతనికి ఒకే ఒక్క మాట చెప్పండి: డబుల్ అయిన ఆర్డర్లలో మొదటి రిక్వెస్టుకీ రెండోదానికీ మధ్య ఎన్ని సెకన్ల తేడా ఉందో లాగ్‌లో చూసి, ఒక ఇరవై ఆర్డర్లకి కాగితం మీద రాసుకురమ్మని. మనిషి వేలు రెండోసారి నొక్కితే తేడా ఒకసారి అర సెకను, ఒకసారి మూడు సెకన్లు, ఇష్టమొచ్చినట్టుంటుంది. నా అంచనా, ఇరవైటిలో చాలావాటికి తేడా దాదాపు ఒక్కటే ఉంటుంది. అంటే రెండోది నొక్కింది మనిషి కాదు. రిక్వెస్టు సర్వర్‌కి చేరి, డబ్బు కట్ అయి, జవాబు దారిలో ఆలస్యమైతే, మీ యాప్‌లోని లైబ్రరీయో (వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్), మధ్యలో రిక్వెస్టుల్ని సర్వర్లకి పంచే లోడ్ బ్యాలెన్సరో, టైమ్‌అవుట్ అయిందనుకుని తనంతట తాను మళ్లీ పంపుతుంది. బటన్ డిసేబుల్ చేస్తే దానికేం పట్టింపు? ఇక రెండు సెకన్ల స్లీప్ జవాబుని ఇంకా ఆలస్యం చేస్తుంది, టైమ్‌అవుట్లు పెరుగుతాయి, డబుల్ పేమెంట్లూ పెరుగుతాయి. స్లీప్ పెట్టిన రోజు నుంచి కంప్లైంట్లు ఎక్కువయ్యాయేమో చూడండి.

మందు ఏమిటంటే, ఆర్డర్ మొదలైనప్పుడే యాప్ ఒక నంబరు తయారు చేసి, ఎన్నిసార్లు మళ్లీ పంపినా అదే నంబరు పంపాలి. సర్వర్ డబ్బు కట్ చేసే ముందే ఆ నంబరుని డేటాబేస్‌లో రాయాలి, ఆ కాలమ్‌కి యునీక్ నిబంధన (ఒకే నంబరుని రెండుసార్లు రాయనివ్వనిది) ఉండాలి. రెండోసారి వస్తే రాయడం కుదరదు, అప్పుడు మొదటిసారి ఇచ్చిన జవాబే తిరిగి ఇవ్వాలి. మీవాడు మొదట ఆ నిబంధన పెట్టకుండా 'ఈ నంబరు ఉందా లేదా చూసి, లేకపోతే రాయి' అని కోడ్‌లో ఇఫ్ పెడతాడు. పెట్టనివ్వండి. రెండు రిక్వెస్టులు ఒకే క్షణంలో వస్తే రెండూ 'లేదు' అని చూసి రెండూ రాసేస్తాయి. టెస్టులో కుదరకపోతే యాభై రిక్వెస్టులు ఒకేసారి పంపమనండి, పట్టుబడుతుంది. అప్పుడు కాపలా కోడ్‌లో కాకుండా డేటాబేస్‌లోనే ఎందుకుండాలో అతనే మీకు చెప్తాడు.

ఈ చివరి రెండు పేరాలు అతనికి ఫార్వర్డ్ చెయ్యకండి. కనీసం గురువారం దాకా ఆగండి.